మా పిల్లల నాలుక చప్పుడును మాన్పించకండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట పట్టణాల బాగోగులు చూసే అధికారులకు, చూపు లేని పిల్లలకు చదువు చెప్పే టీచర్లకు, ఈ రోడ్ల మీద బండి నడిపే అందరికీ

నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ప్రభుత్వ బడిలో సోషల్ చెప్తాను. నాలుగో ఏట తట్టు పోసి రెండు కళ్ళూ పోయాయి. ఇప్పుడు నాకు 46 ఏళ్ళు. ఈ ఉత్తరం నాలుకతో చప్పుడు చేసి, అది తగిలి తిరిగొచ్చే తీరును బట్టి దారి తెలుసుకునే మా చెల్లె కొడుకు గురించి, వాడిలాంటి చూపు లేని పిల్లల గురించి. ఇదే సంగతి మీద, అధికారులు దరఖాస్తులు తీసుకునే సోమవారాల్లో, ఏడాదిలో మూడుసార్లు లైన్లో నిలబడి దరఖాస్తులు ఇచ్చాం. మొదటిదాన్ని ఒక విభాగం ఇంకో విభాగానికి పంపింది. రెండోదానికి "ఇట్లాంటి స్కీమేం లేదమ్మా" అని నోటిమాటగా చెప్పారు. మూడోదానికి రసీదు వచ్చింది. చేత్తో రాసిన కాగితాన్ని ఫోటో తీసి నా ఫోనుకు పంపారు. నా ఫోను అక్షరాలను చదివి వినిపిస్తుంది గానీ చేతిరాత ఫోటోను చదవలేదు. పక్కింటి అమ్మాయి వచ్చి చూస్తే అందులో తేదీ, ముద్ర తప్ప ఏమీ లేవని తెలిసింది. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

జరిగింది చెప్తాను.

మావాడికి 8 ఏళ్ళు. నెలలు నిండకముందే పుట్టాడు. కంటి వెనక పొర ఊడిపోయిందని, ఇక చూపు రాదని పుట్టిన కొన్ని నెలలకే డాక్టర్లు చెప్పారు. ఐదో ఏట వాడంతట వాడే నాలుకను అంగిట్లో కొట్టి 'టక్'మనిపించడం మొదలుపెట్టాడు. ఎవరూ నేర్పలేదు. గదిలోకి వస్తూ ఒకసారి, వాకిట్లోకి దిగుతూ ఒకసారి. దర్వాజ తీసి ఉందో మూసి ఉందో రెండడుగుల ముందే చెప్పేవాడు. సందులో ఎవరైనా స్కూటర్ అడ్డం పెడితే ఆగి, పక్కకు జరిగి పోయేవాడు. ఒకరోజు నేను చప్పుడు చేయకుండా వాడికి ఎదురుగా నిలబడ్డాను. టక్‌మన్నాడు, ఆగాడు. "ఎవరు నిలబడ్డది?" అన్నాడు. మనిషని ఎట్ల తెలిసిందిరా అని అడిగాను. "గోడైతే గట్టిగ పలుకుతది పెద్దమ్మా. మనిషి మెత్తగ పలుకుతడు" అన్నాడు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్ళుగా నా చెవికి తెలిసిన సంగతిని నేనెన్నడూ అంత చక్కగా చెప్పలేకపోయాను.

తర్వాత బడిలో వేశాం. "బల్లిలెక్క ఏం చప్పుడురా అది" అని మొదట కసిరారు. తర్వాత నోటి మీద వేలు పెట్టించి కూర్చోబెట్టారు. డైరీలో 'చెడు అలవాటు, ఇంట్లో మాన్పించండి' అని రాశారు. మా చెల్లె భయపడి, వాడు టక్‌మన్నప్పుడల్లా తొడ గిచ్చింది. నాలుగు నెలల్లో వాడు మానేశాడు. ఇప్పుడు తల వంచి, చేతులు రెండూ ముందుకు చాపి నడుస్తాడు. ఎవరి భుజమైనా దొరికితే తప్ప గడప దాటడు. మొన్న ఎండాకాలం సెలవుల ముందు ఆ బడి వరండా స్తంభానికి గుద్దుకొని నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. బడిలో చేరిన కొత్తలో రోజూ తప్పుకొని పోయిన స్తంభమే అది.

ఆ టీచర్ పేరు, బడి పేరు ఇక్కడ రాయను. ఆమె మీద నాకు కోపం లేదు. నేనూ టీచర్నే, క్లాసులో ఒకడు టక్ టక్‌మంటుంటే పాఠం సాగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ చప్పుడు వాడి చూపు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్ళకే ఈ ఉత్తరం.

కళ్ళున్నవాళ్ళకు దీన్ని చెప్పాలంటే బిందె దగ్గర మొదలుపెట్టాలి. నల్లా కింద బిందె పెట్టి ఇల్లాలు లోపల కూర తరుగుతుంటుంది. చూడకుండానే, సరిగ్గా నిండే వేళకు లేచి వచ్చి నల్లా బంద్ చేస్తుంది. బిందె నిండేకొద్దీ నీళ్ళ చప్పుడు సన్నబడి పైకి లేస్తుంది. లోపల ఖాళీ ఎంత మిగిలిందో ఆమె చెవి లెక్కగట్టింది. మేం చేసేది కూడా ఇదే. గోడ దగ్గరికి పోయేకొద్దీ మా అడుగుల చప్పుట్లో, నాలుక చప్పుట్లో అట్లాంటి సన్నని స్వరం ఒకటి పైకి లేస్తుంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. గోడ మీటరు దూరంలో ఉంటే చప్పుడు పోయి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతులు ఆరు చాలు. అంత కొద్ది సమయంలో పోయిన చప్పుడు, వచ్చిన చప్పుడు విడివిడిగా వినపడవు. చేదబావిలోకి వంగి కేకేస్తే తిరిగొచ్చే మారుమోత లాగా ఉండదు. రెండూ కలిసిపోయి చప్పుడు గొంతు మారుతుంది, అంతే. ఆ మార్పును చెవి పడుతుంది.

చిన్నప్పుడు నాకు ఇది చెవి పని అని తెలియదు. పరకాల దగ్గర మా ఊళ్ళో ఎడ్ల కొట్టం గోడ దగ్గరికి రాగానే మొహం మీద ఏదో కమ్మినట్టు అనిపించేది. మా నాయనమ్మ "నీ నుదుట్ల కన్నున్నది బిడ్డా" అనేది. అమెరికాలో అంధులు కూడా అట్లాగే అనుకున్నారు, దానికి మొహపు చూపు అని పేరు కూడా ఉండేది. 1940లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డాలెన్‌బాక్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు మైకేల్ సూపా, మిల్టన్ కోట్జిన్ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. సూపాకే చూపు లేదు. మొహాన్ని మందపాటి గుడ్డతో కప్పి నడిపిస్తే మనుషులు గోడకు ముందే ఆగారు. మొహం వదిలేసి చెవులు మూస్తే ప్రతిసారీ గోడకు గుద్దుకున్నారు. ఇంకో పరీక్షలో, నడిచేవాడు మైకు పట్టుకొని గోడ వైపు పోతుంటే చప్పుడు చొరబడని గదిలో కూర్చొని ఆ అడుగుల సవ్వడిని వింటున్నవాడు గోడ ఎప్పుడొచ్చిందో చెప్పగలిగాడు. గోడకు ఎదురుగా అతని మొహమే లేదు. ఆ ఫలితాలు 1944లో అచ్చయ్యాయి. గబ్బిలాల మీద పనిచేసిన డొనాల్డ్ గ్రిఫిన్ ఈ శక్తికి ఎకోలొకేషన్, అంటే ప్రతిధ్వనితో చోటు పట్టడం, అని పేరు పెట్టింది కూడా ఆ ఏడాదే. అంటే మా నాయనమ్మ నా నుదుటిని మెచ్చుకున్న నాటికే ఈ సంగతి తేలిపోయి నలభై ఏళ్ళు. మన టీచర్ల శిక్షణలోకి మాత్రం ఇంకా రాలేదు.

కాలిఫోర్నియాలో డేనియల్ కిష్ అనే ఆయనకు పసితనంలోనే కంటి క్యాన్సర్ వచ్చి రెండు కళ్ళూ తీసేశారు. ఆయన నాలుక చప్పుడుతోనే పెరిగి, సైకిల్ తొక్కి, 2000లో ఒక సంస్థ పెట్టి దేశదేశాల పిల్లలకు ఆ విద్య నేర్పాడు. అట్లా చప్పుడుతో చూసేవాళ్ళ మెదడును కెనడా పరిశోధకులు స్కాన్ చేసి 2011లో రాశారు: ప్రతిధ్వని వింటున్నప్పుడు వాళ్ళ మెదడులో పనిచేస్తున్నవి మామూలుగా కంటి చూపుకు వాడే భాగాలు. నాలుక చప్పుడు మా పిల్లల చూపు అని నేనంటే అది ప్రేమకొద్దీ అన్న మాట కాదు.

ఇది మహిమ కూడా కాదు. దీనికి హద్దులున్నాయి, వాటిని దాచి అడిగితే నా మాటకు విలువ ఉండదు. కాలి కింద గుంత, మూత లేని మోరీ, మెట్టు ఇవి చప్పుడుకు చిక్కవు, తెల్లకర్ర ఉండాల్సిందే. కర్ర నేలను చూస్తుంది, చెవి ఎదురుగా ఉన్నదాన్ని చూస్తుంది, రెండూ కావాలి. మెత్తటి వస్తువులు చప్పుడును మింగేస్తాయి. ఎనుమాముల మార్కెట్లో పత్తి కుప్పల మధ్య నిలబడ్డ రోజు నాకు చెవుల్లో గుడ్డలు కుక్కినట్టయింది, ఎటు పోవాలో తోచక మా తమ్ముడి చేయి పట్టుకున్నాను. అదే వేయిస్తంభాల గుడిలో అయితే చేయి అక్కర్లేదు. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడికి మీరంతా చెక్కడాలు చూడటానికి పోతారు. నేను మెల్లగా నడుస్తూ చిటికె వేస్తాను. నునుపు చేసిన రాయి, ఖాళీ, రాయి, ఖాళీ. స్తంభం పక్కన మనిషి నిలబడితే ఆ ఖాళీ మూసుకుపోతుంది.

ప్రతిసారీ మేమే చప్పుడు చేయాలని కూడా లేదు. నిలబడ్డ లారీ పక్కగా పోతుంటే రోడ్డు రొద ఆ వైపు ఆగిపోతుంది, ఎండకు నీడ ఉన్నట్టు చప్పుడుకూ నీడ ఉంటుంది. కాజీపేట జంక్షన్‌లో ఆగి ఉన్న రైలు వెంట నడిస్తే పెట్టె ఎక్కడ అయిపోయి సందు ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. బతుకమ్మ ఆటలో చుట్టూ ముప్ఫై మంది చప్పట్లు కొడుతుంటే నాకు ముందున్న ఆమె ఎంత దూరంలో ఉన్నదో, వలయం ఎటు తిరుగుతున్నదో ఎవరూ చెప్పకుండానే కాళ్ళకు తెలిసిపోయేది. పద్మాక్షి గుట్ట దగ్గర ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఎవరి కాలూ తొక్కలేదు.

ఇంత ఉన్న శక్తిని తెలియక తుంచేస్తే మామూలు ఇండ్లలో ఏం జరుగుతున్నదో, మేం ఏం అడుగుతున్నామో వరుసగా రాస్తున్నాను.

1. బడిలో. నాలుక చప్పుడు, చిటికె, చప్పట్లు మాన్పిస్తే పిల్లవాడి నడక పోతుంది. నడక పోయినవాడు మూత్రానికి పోవాలన్నా ఒకరి కోసం ఎదురుచూస్తాడు, ఆటల పీరియడ్‌లో మెట్ల మీద కూర్చుంటాడు. ఆడపిల్లైతే ఇంకా కష్టం. ఒంటరిగా పోలేదన్న మాట మీదే పదో తరగతి తర్వాత చదువు ఆపేస్తారు. చూపు లేని పిల్లల తల్లిదండ్రుల సంఘంలో అట్లా ఆగిపోయిన అమ్మాయిలు ముగ్గురున్నారు, ముగ్గురూ నాకంటే తెలివైనవాళ్ళు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రతి బిడ్డకూ అవసరమైన తోడ్పాటు ఇవ్వాల్సిన బాధ్యతను బడి మీద పెట్టింది. మేం అడిగేది రెండు. ఒకటి, ఈ చప్పుళ్ళను చెడు అలవాటుగా చూడొద్దని, పాఠం జరిగేటప్పుడు కూర్చున్నచోట ఆపి, నడిచేటప్పుడు చేసుకోనివ్వాలని అన్ని బడులకూ రాతపూర్వకంగా పంపాలి. రెండు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో నడక శిక్షణకు వారానికి కొన్ని గంటలు కేటాయించాలి, అందులో చెవి శిక్షణ ఉండాలి. నేర్పడానికి ఈ పద్ధతిలో నడిచే చూపు లేనివాళ్ళనే పెట్టాలి.

డబ్బు లేదని అనకండి. మొదటి పాఠానికి కావలసింది ఒక స్టీలు పళ్ళెం. పిల్లవాడిని కూర్చోబెట్టి 'ష్ష్ష్' అని ఆపకుండా అనమనండి. పళ్ళాన్ని మొహానికి జానెడు దూరంలోకి తెచ్చి తీసేయండి. చప్పుడు మారిన సంగతి వాడు మొదటి రోజే చెప్తాడు. తర్వాత కుడివైపు, ఎడమవైపు. తర్వాత పళ్ళెం తీసి అదే కొలత మెత్త పెట్టండి, గట్టిదానికీ మెత్తదానికీ తేడా తెలుస్తుంది. తర్వాత గోడ, గది మూల, తెరిచిన దర్వాజ. నాలుక చప్పుడు పొట్టిగా, గట్టిగా ఉండాలి. బాగా నేర్చినవాళ్ళ చప్పుడు సెకనులో వెయ్యో వంతులు మూడుకు మించి సాగదని కొలిచారు. ఇంట్లోనూ చేయవచ్చు. తల్లులారా, పిల్లలకు మెత్తటి రబ్బరు చెప్పులు వద్దు. అడుగు చప్పుడు వినపడే చెప్పులు వేయించండి.

2. చెవి. చూపు లేని పిల్లలకు కంటి పరీక్ష చేసి సర్టిఫికెట్లు ఇస్తారు, చెవిని ఎవరూ అడగరు. జలుబు చేసి చెవిలో చీము కారుతున్నా ఊళ్ళల్లో కొబ్బరినూనె వేసి వదిలేస్తారు. కళ్ళున్న బిడ్డకు అది చెవి నొప్పి, మా బిడ్డకు మిగిలిన చూపు కూడా పోవడం. సన్నని వస్తువులను పట్టిచ్చేది పైస్థాయి స్వరాలే, చెవి దెబ్బతింటే అవే ముందు పోవచ్చు. చూపు లేని ప్రతి బిడ్డకూ ఏడాదికోసారి చెవి పరీక్ష చేయించండి. ఇంకొకటి, నేను చిన్నప్పుడు తిన్న దెబ్బలు గుర్తొచ్చి రాస్తున్నాను. ఈ పిల్లల చెంప మీద కొట్టకండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఏ బిడ్డనూ కొట్టొద్దనే చెప్పింది. చెంపదెబ్బకు కర్ణభేరి పగలవచ్చు. మీరు కొట్టేది చెంప అనుకుంటారు, అది మా కన్ను.

3. తల ఎత్తులో ఉన్నవి. కర్రకు తగలనివి ఇవే: దుకాణం ముందుకు చాపిన రేకు, సగం దించిన షట్టర్, తాడుతో కట్టిన ఫ్లెక్సీ, ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చిన ట్రాలీ. చుట్టూ నెమ్మదిగా ఉంటే రేకును చెవి పట్టిస్తుంది. రద్దీలో సన్నని చువ్వను ఎవరి చెవీ పట్టలేదు. కాలిబాట మీద ఏడడుగుల లోపు ఏదీ వేలాడకుండా చూడండి. కాలిబాట గోడ వైపు వరుస తెగకుండా ఉంటే మాకు అదే దారి చూపుతుంది.

4. చప్పుడు లేని బండ్లు. బ్యాటరీ ఆటోలు, స్కూటీలు వచ్చాయి. పొగ తగ్గింది, సంతోషం. కానీ మెల్లగా వచ్చే బ్యాటరీ బండి మాకు లేనట్టే. రెండు నెలల కింద నక్కలగుట్ట దగ్గర రోడ్డు దాటుతుంటే ఒకటి నా కర్ర మీదుగా పోయింది. కర్ర విరిగింది. "కనపడలేదా అమ్మా" అన్నాడు, నా కళ్ళద్దాలు చూసి మళ్ళీ తనే దిగి వచ్చి చేయి పట్టుకొని దాటించాడు. మంచి పిల్లవాడే, తన బండి నాకు వినపడదన్న సంగతి అతనికి తెలియదు. యూరప్‌లో 2019 జులై నుంచి కొత్త రకం ఎలక్ట్రిక్ కార్లకు, 2021 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త ఎలక్ట్రిక్ కారుకూ చప్పుడు చేసే పరికరం తప్పనిసరి చేశారు. గంటకు 20 కిలోమీటర్ల వేగం వరకు అది మోగుతుంది, ఆ పైన టైర్ల చప్పుడే సరిపోతుంది. ఆ రూలు ఇక్కడి ఆటోలకూ స్కూటీలకూ తేవడం జిల్లా చేతిలో లేదని నాకు తెలుసు. మీరు పైకి రాయగలరు. అప్పటిదాకా బ్యాటరీ ఆటోల యూనియన్లతో ఒక్క పూట కూర్చొని మాట్లాడండి, మేం వచ్చి చెప్తాం. చౌరస్తాల్లో నడిచేవాళ్ళకు బీప్ వినిపించే సిగ్నళ్ళు పెట్టండి. ఎంజీఎం ఆస్పత్రి, పోచమ్మ మైదాన్, హనుమకొండ చౌరస్తాలతో మొదలుపెట్టినా మాకు సగం ఊరు తెరుచుకుంటుంది.

5. హారన్లు, డీజేలు. పై మాటకు ఇది ఎదురుగా ఉన్నట్టు అనిపిస్తుంది, చప్పుడు కావాలంటారు, మళ్ళీ వద్దంటారు అని ఒక ఆఫీసులో నన్ను అడిగారు కూడా. మీ కంటికి వెలుతురు కావాలి. అట్లని ఎదురుగా వచ్చే లారీ హైబీమ్ కొడితే ఏం కనపడుతుంది? మాకూ అంతే. తిరిగొచ్చే ప్రతిధ్వని చాలా బలహీనమైనది. చెవి పక్కన ఎయిర్ హారన్ మోగితే అది పూర్తిగా మునిగిపోతుంది, మోత ఆగాక కూడా కొంతసేపు చెవులు కుదుటపడవు. పోయిన వినాయక నిమజ్జనం నాడు బడి నుంచి వస్తున్నాను. వెనక నుంచి డీజే బండి వచ్చింది. గోడ లేదు, కాలిబాట లేదు, మనుషులు లేరు, ఛాతీలో దడ తప్ప లోకమే లేదు. రోజూ పోయే దారిలో ఉన్నచోటే కూర్చుండిపోయాను. ఎవరో పూల దుకాణం అవ్వ "ఈడ కూసో బిడ్డా, అది పోనీ" అని నన్ను లోపలికి లాక్కున్నది. పండుగ వద్దని నేను అనను, నేనూ మొక్కేదాన్నే. డప్పులు కొట్టినా నాకు దారి తెలుస్తుంది, రెండు దెబ్బల నడుమ సందు ఉంటుంది. డీజేకు సందు లేదు.

అవసరం లేకుండా హారన్ కొడితే మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ సెక్షన్ కింద మొదటిసారి 1,000 రూపాయలు, ఆ తర్వాత 2,000 రూపాయలు జరిమానా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద ప్రాంతాలకు పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ హద్దు ఉంది. హెల్మెట్ లేదని రోజూ ఫోటోలు తీసి చలాన్లు పంపుతున్నారు, మంచిదే. హారన్ మీద కూడా అంత పట్టుదల చూపండి. ముందు పిల్లల బడుల దగ్గర, బస్టాండుల దగ్గర.

6. నడి వయసులో చూపు పోయినవాళ్ళు. షుగర్‌తో, నీటికాసులతో యాభై దాటాక చూపు పోయిన మగవాళ్ళు, ఆడవాళ్ళు మన బస్తీల్లో మంచానికే పరిమితమై ఉన్నారు. ఈ వయసులో ఏం నేర్చుకుంటారులే అని ఇంట్లోవాళ్ళే అంటారు. ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయం 21 నుంచి 79 ఏళ్ళ వయసు వాళ్ళకు 10 వారాలు నాలుక చప్పుడు శిక్షణ ఇచ్చి 2021లో ఫలితాలు ప్రచురించింది. అందులో 12 మందికి చూపు లేదు, 14 మందికి చూపు ఉంది. వయసు నేర్చుకోవడానికి పెద్ద అడ్డం కాలేదు. మూడు నెలల తర్వాత అడిగితే చూపు లేని 12 మందిలో 10 మంది తమ స్వతంత్రత, మనసు కుదురు మెరుగయ్యాయని చెప్పారు. కంటి ఆస్పత్రిలో 'ఇక చూపు రాదు' అని చెప్పి పంపే రోజునే, నడక ఎక్కడ నేర్చుకోవచ్చో ఒక చీటీ రాసివ్వండి. అట్లాంటి చోటు ఒకటి జిల్లాకు ఉండాలి కదా, అది మొదట పెట్టండి.

ఇవి దయ తలచి చేసే పనులని మేం అనుకోవడం లేదు. అందుబాటు ప్రమాణాలు ప్రభుత్వం ఇష్టముంటే పాటించే సలహాల్లా ఉండకూడదని, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో తేవాలని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు ముందుంచుకున్న నివేదికను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. మన వరంగల్ 2016లోనే స్మార్ట్ సిటీల జాబితాలోకి ఎక్కింది. ఈ ఊళ్ళో 8 ఏళ్ళ పిల్లవాడు వరండా స్తంభాన్ని తప్పుకొని పోగలిగి కూడా, పోనివ్వనందుకు నుదురు పగలగొట్టుకోవడం నేను ఒప్పుకోలేను.

బడులకు పంపాల్సిన ఉత్తర్వు ఒక్క పేజీ. దానికి టెండరు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఈ దసరా సెలవుల తర్వాత బడులు తెరిచే నాటికి అది టీచర్ల చేతికి చేరాలి. మిగిలినవాటికి మీరెంత గడువు తీసుకుంటారో తేదీలు వేసి చెప్పండి, మేం ఆగుతాం.

మా వాడితో నేను మళ్ళీ మొదలుపెట్టాను. సాయంత్రం పూట ఫ్యాన్ ఆపేసి, పళ్ళెం పట్టుకొని కూర్చుంటున్నాం. మొదటి వారం నోరు తెరవలేదు, తెరిచే ముందు తల్లి ఎక్కడుందో అని చెవి ఒగ్గేవాడు. ఇప్పుడు మెల్లగా, పెదవులు మూసే టక్‌మంటున్నాడు. చెల్లె పక్క గదిలోంచి "గట్టిగ అనురా" అంటుంది.

వచ్చే సోమవారం నాలుగోసారి వస్తున్నాం, ఈసారి వాడిని కూడా తీసుకొస్తాను. జవాబు ఇచ్చేటట్టయితే దయచేసి ఫోటో తీసి పంపకండి. టైపు చేసి పంపండి. మేమే చదువుకుంటాం.

ఇట్లు,
హనుమకొండ నుంచి చూపు లేని ఒక ఉపాధ్యాయురాలు, తోటి తల్లిదండ్రుల తరఫున